తెల్లగుడ్డ ఊపే మనిషి

షూటింగు క్యాంపు, పరగోడు దాటినాక గుట్టల్లో
3 నవంబరు 2024

అక్క హేమావతికి, పురుషోత్తం రాసేది.

మూడు దినాలుగా ఇక్కడ సన్నవాన. గుట్ట కింద నేలంతా జారతాండాది. పొద్దున ఆరింటికి లేచి టెంట్ల చుట్టూ కాలవలు తీసినాము. తొమ్మిదికి వాన నిలిచింది. పదికి ఉరికొయ్య నిలబెట్టినాము, దూలం మోసేదానికి ఆరుగురు పట్టినారు. పొద్దు గుంకే లోపల బావ నన్ను నాలుగుసార్లు ఉరి తీసినాడు. పని నీటుగా చేస్తాండాడని ఫైట్ మాస్టరు మెచ్చుకొన్నాడు.

ఫోను చెయ్యలేదని కోపం చేసుకోవద్దు. ఎవరో సెట్టు ఫొటో తీసి బయటికి పంపినారంట. కంపెనీవాళ్ళు అందరి ఫోన్లూ గేటు దగ్గర పెట్టెలో వేసి తాళం పెట్టినారు. పని అయ్యేవరకు ఇయ్యరు. మన మునికృష్ణప్ప చింతామణి నుంచి క్యాంపుకు కూరగాయల టెంపో తోలతాండాడు, వారానికి రెండుసార్లు వస్తాడు. ఉత్తరాలు ఆయప్ప చేతికియ్యి. గేటు దగ్గర కాగితాలు విప్పి చూస్తారు, కన్నడం అయితే చదువుతారు, తెలుగు అక్షరాలు వాళ్ళకు రావు. నాయన మనకు కొట్టి నేర్పిన అక్షరాలు ఇన్నేండ్లకు పనికొచ్చినాయి.

సినిమా ఏందని నా మేనకోడలు రక్షిత అడిగిందంట. నూరేండ్ల కిందట అమెరికాలో, హాలీవుడ్డులో సినిమాలు తీసినోళ్ళను ఎగతాళి చేసే సినిమా. ఆ కాలం అమెరికా ఇప్పుడు అమెరికాలో లేదంట, మన బాగేపల్లి గుట్టల్లో ఉండాదంట. డైరెక్టరు బొంబాయి మనిషి. గుట్ట మీద హాలీవుడ్ అని ఇంగ్లీషులో మిద్దె ఎత్తు తెల్ల చెక్క అక్షరాలు నిలబెట్టించినాడు. ఎండొస్తే మేకలోళ్ళు వాటి నీడన కూర్చొంటాండారు. చుట్టుపక్కల ఊర్ల రైతులు నూటయాబై మందికి ముఖానికి తెల్లరంగు పూసి టోపీలు పెట్టినారు. వాళ్ళు దినమంతా తుపాకులతో కాల్చుకొని చస్తారు. మధ్యాన్నం గంట కొడితే చచ్చినోళ్ళు లేచి అన్నానికి లైను నిలబడతారు.

నాకు రెండు పనులు. ఒకటి డూపు. హీరో పడాల్సిన చోట నేను పడతాను, వీపు చూపించి. రెండోది తెల్లగుడ్డ. మోకులు పట్టేవాళ్ళు బండల చాటున దూరంగా ఉంటారు, డైరెక్టరు మాట వాళ్ళకు సరిగ్గా వినబడదు. నేను ఎత్తు బండ మీద నిలబడి, షాటు అయిపోతానే తెల్లగుడ్డ ఊపాల. అది చూసి వాళ్ళు మోకు వదలాల. నేను ఉరికి వేలాడితే మాస్టరు ఊపుతాడు.

ఇంకొక సంగతి. ఈ సినిమాలో నా ముఖం చూపిస్తానని మాస్టరు మాట ఇచ్చినాడు. పద్నాలుగేండ్లలో నూటికి పైన సినిమాల్లో చచ్చినాను. అమ్మ ఉన్నన్నాళ్ళు వెతికింది, ఒక్కదాంట్లో కూడా నన్ను గుర్తుపట్టలేదు. ఈసారి ముఖం. ఒకటే షాటు, మూడు క్షణాలు. అది తీసేవరకు ఇక్కణ్ణుంచి కదలను.

బావ బాగుండాడు. రాగిముద్ద పెట్టరని తిడతాండాడు.

నీ తమ్ముడు
పురుషోత్తం

చింతామణి
7 నవంబరు 2024

పురుషోత్తంకు అక్క రాసేది.

ఇక్కడ కూడా ముసురే. మల్బరీ ఆకు తడిసిపోతాండాది. తడి ఆకు పట్టుపురుగులకు పడదు, కొమ్మలు కోసుకొచ్చి ఫ్యాను కింద ఆరబెట్టి వేస్తాండాము. పురుగులు మూడో జ్వరానికి పండుకొన్నాయి, రేపటికి పొర విడిచి లేస్తాయి. లేస్తే ఆకలి. రక్షిత కాలేజి నుంచి వచ్చి కోస్తాది, ముఖం మాడ్చుకొని.

బావ నన్ను నాలుగుసార్లు ఉరి తీసినాడు అనే మాట చదివి కాగితం కింద పెట్టేసినాను. రెండోసారి చదివితే అర్థమయింది. రక్షిత నవ్వింది, నాకు నవ్వు రాలేదు. అట్లా రాయొద్దు. చచ్చినాను అంటే నిజంగా చచ్చినప్పుడు ఏమని రాస్తావు?

మీ బావ గురించి నీకు తెలిసిందే, అయినా చెప్తాను. ముప్పై ఏండ్లు బావుల్లో పూడిక తీసే పనికి మోకు పట్టినాడు. బోర్లొచ్చి బావులు ఎండిపోయినాక పని లేక, నువ్వు పిలిస్తే వచ్చినాడు. బావి పనిలో కిందోడు ఏమంటే పైనోడు అది చెయ్యాల, ఎందుకని అడగకూడదు. ఇడువు అంటే వదలాల. కట్టు అంటే మోకు గుంజకు రెండు చుట్లు చుట్టి ముడి వెయ్యాల. తిమ్మరాయప్ప మోకు పడితే కింద నిద్రపోవచ్చు అనేవాళ్ళు. కైవారం పక్క బావి దరి కూలినప్పుడు, పైన అందరూ పారిపోయినా ఆయప్ప మోకు వదల్లేదు. అరచేతుల తోలు ఊడొచ్చింది. అట్లాంటి మనిషిని నీ ఆటకు తీసుకపోయినావు. జాగ్రత్తగా చూసుకో.

ముఖం షాటు అంటివి. నీ ముఖం నేను చూస్తానే ఉండాను గదప్పా, నలభై ఏండ్లకు దగ్గరొచ్చింది. పెండ్లి మాట ఎత్తితే ఆ ముఖమే తిప్పుకొంటావు.

మునికృష్ణప్పతో రాగిపిండి పంపినాను. వంటవానికి బావనే గెలికి చూపించమను.

హేమావతి

క్యాంపు
12 నవంబరు 2024

అక్కకు,

వాన పోయింది. పొద్దున మంచు దిగి ఎనిమిది వరకు అక్షరాలు కనబడలేదు. ఈ పొద్దు గుర్రాలు పడే చోట గుంత తవ్వినాము. రాయి తగిలి కాలు విరుగుతుందని మట్టి జల్లెడ పట్టి నింపించినారు. గుర్రాలకు పట్టినారు, మాకు పట్టలేదు. నేను పడిన చోట రాయికి మోచెయ్యి చీలింది, ఏడు కుట్లు వేసినారు. ఒక రైతుకు తుపాకి పిడి తగిలి రెండు పండ్లు పోయినాయి. రక్తం బాగా వచ్చిందని ఆ షాటు ఉంచుకొన్నారు.

నిన్న మంచేనహళ్ళి అమరనాథ్‌ను కత్తితో పొడిచినాను, మూడుసార్లు. ఆయప్ప ఊర్లలో నాటకాలాడతాడు, దుర్యోధనుడి వేషం. రెండు సీమ ఆవులు పెట్టుకొని పాలు పోస్తాడు. చచ్చేది ఎట్లో ఆయప్పను చూసి నేర్చుకోవాల. కాళ్ళు కొట్టుకొనేది చూస్తే ఎవరైనా నిజమనుకొంటారు. రాత్రంతా రాగం తీసి మాకు నిద్ర లేకుండా చేస్తాడు.

సినిమా కత ఇప్పటికి అర్థమయింది. ఆ కాలం హాలీవుడ్డులో ఒక డైరెక్టరు. ఉరి షాటు నిజంగా ఉండాలని ఒక కూలిమనిషిని నిజంగానే ఉరి తీయిస్తాడు. సినిమా ఆడిన దినం జనం లేచి చప్పట్లు కొడతారు. కూలిమనిషి పేరు ఎవరికీ తెలియదు. ఇది నవ్వుకొనే సినిమా అంట. ఆ కూలిమనిషి వేషం అమరనాథ్‌ది. ఉరి చూస్తా పకపకా నవ్వేవాని ముఖం నాది.

నువ్వు భయపడతావని ఉరి ఎట్ల తీస్తారో రాస్తాను. చొక్కా లోపల నడుముకు బెల్టు, బెల్టుకు సన్న ఇనుప తీగ. ఒంటి బరువంతా తీగ మీద. తీగను మోటారు లాగతాది, అది గుట్ట వెనక ఉండాది. మెడలో ఉరి ఉత్త చూపుకు. ఆ ఉరి మోకు బావ చేతిలో. బిగువుగా కనబడేటట్టు పట్టుకొంటాడు. షాటు అయిపోతానే రెండూ ఒకేసారి జరగాల. బావ మెడ మోకు వదలాల, మోటారు మనిషిని దించాల.

దీని మీద బావతో పెద్ద వాదులాట. "ఆ బొంబాయోడు కట్టు కట్టు అని అరుస్తాడు. మీరేమో వదలమంటారు. కట్టమంటే వదిలేది యాడుందప్పా?"

"కట్టు కాదు బావా, కట్. ఇంగ్లీషు. చాలు, ఆపమని."

"చాలు అంటే చాలు అనాల. కన్నడంలో సాకు అంటే అదైనా తెలుస్తాది. లోకమంతా కట్టుకొనే మాటను వీడు ఇడిసేదానికి వాడతాడా?"

అమరనాథ్ పక్కనుండి, "తిమ్మరాయప్పా, నువ్వు కట్టినావంటే నా ఆవులకు నువ్వే గడ్డి వెయ్యాల" అన్నాడు. అందరూ నవ్వినారు. కడకు, మాటలు వద్దు బావా, నా గుడ్డ చూడు, గుడ్డ ఊగితే వదులు అని తేల్చినాము. ఇప్పటికి ముప్పైసార్లు చేసినాము, ఒక్కసారి తప్పలేదు.

పురుషోత్తం

చింతామణి
16 నవంబరు 2024

పురుషోత్తంకు,

ఎండ బాగుండాది. పురుగులు నాలుగో జ్వరం లేచి మేస్తాండాయి, ఇంట్లో వాన పడినట్టు చప్పుడు. దినానికి అయిదుసార్లు ఆకు. నిలబడి అన్నం తింటాండాము.

ఆ అమరనాథ్‌తో నీకేమి కక్ష? కత్తితో పొడిచినాను అని ఇంత సులువుగా రాసినావు. సినిమా అని తెలుసు. అయినా ఆయప్పకు ముఖం ఉండే వేషం, నీకు మూడు క్షణాలు. మనసులో ఏమన్నా ఉంటే ఆ ఆటలో చూపించొద్దు. నీకు చిన్నప్పటి నుంచి పోటీ ఎక్కువ.

మోచేతికి కుట్లు తడపొద్దు. ఇంగ్లీషు మాటలతో మీ బావను ఎగతాళి చెయ్యొద్దు.

రక్షిత నీ షాటు వచ్చే సినిమాకు కాలేజి అంతా తీసుకపోతుందంట.

హేమావతి

క్యాంపు
24 నవంబరు 2024

అక్కకు,

ఈ పొద్దు ఎండ. రెండు వందల మంది జనంతో ఉరి షాటు తీసినారు. అమరనాథ్ చచ్చిపోయినాడు. అందరూ చప్పట్లు కొట్టినారు. ఇట్లాంటి షాటు తనకు జన్మలో దొరకలేదని డైరెక్టరు అన్నాడు.

బావ అన్నం తినలేదు. నేను ఇంకేమీ రాయలేను.

పురుషోత్తం

చింతామణి
27 నవంబరు 2024

తమ్ముడు పురుషోత్తంకు,

పురుగులు పండినాయి. నిన్నంతా గూళ్ళు కట్టేదానికి వెదురు చంద్రికలకు ఎక్కించినాము. వేళ్ళకు ఇంకా బంక పోలేదు. ఇంక అయిదు దినాలు చలిగాలి తగలకుండా చూసుకొంటే గూళ్ళు దిగుతాయి. పంట బాగుంటాదని చూసినోళ్ళంతా అంటాండారు.

నీ ఉత్తరం చిన్నగా ఉండాది. అమరనాథ్ బాగా చేసినాడని నీకు ఓర్వలేనితనం అని రక్షిత అంటాది, నేను కూడా అదే అనుకొన్నాను. రెండు వందల మంది చప్పట్లు కొట్టినారంటే ఆయప్పకు ఎంత సంతోషంగా ఉంటాదో. నేను చెప్పినానని చెప్పు, చావు బాగా వచ్చిందంట అని. నీ వంతు కూడా వస్తాది, నెమ్మదిగా ఉండు.

మీ బావ అన్నం మానినాడంటే రాగిపిండి అయిపోయి ఉంటాది. మళ్ళా పంపినాను, చెనిక్కాయల పొడి కూడా. అమరనాథ్‌కు కొంచెం ఇయ్యి.

హేమావతి

క్యాంపు
29 నవంబరు 2024

అక్కకు,

నీ ఉత్తరం నిన్న చేరింది. పొడి పొట్లం విప్పలేదు.

అమరనాథ్ నిజంగా చచ్చిపోయినాడు. సినిమాలో కాదు. నేను సరిగ్గా రాయలేదు, తప్పు నాది.

ఆ దినం జనం ఎక్కువని మొదటిసారి మైకు తెచ్చినారు. గుడ్డ లేకుండా చేసినారు. షాటు అయిపోయింది. డైరెక్టరు మైకులో కట్ అన్నాడు. అది గుట్టలకు కొట్టుకొని కట్టూ అని తిరిగొచ్చింది. బావ విన్నాడు. మెడ మోకును గుంజకు రెండు చుట్లు చుట్టి ముడి వేసినాడు. అదే క్షణాన మోటారు తీగను దించింది. బరువంతా మెడ మీదికి వచ్చింది.

ఆయప్ప కాళ్ళు కొట్టుకొన్నాడు. చేతులు వెనక్కు కట్టి ఉండాయి. అందరూ నటన అనుకొన్నారు. దుర్యోధనుడు గదా. జనం చప్పట్లు కొట్టినారు. కట్ అన్న డైరెక్టరే, ఎవరూ కదలొద్దు, కెమెరా ఆపొద్దు అని చెయ్యి ఎత్తినాడంట. మోటారు మనిషికి గుట్ట అవతల ఏమీ కనబడదు. బావ ముఖం బండ వైపు ఉండాది. నేను పోయేసరికి కాళ్ళు ఆగిపోయినాయి, మడమల నుంచి ఉచ్చ కారతాండాది. నేను పైకెత్తి పట్టుకొన్నాను. ముడి విప్పు బావా అని అరిచినాను. బావ అప్పుడు తిరిగి చూసినాడు. ముడి బరువుకు బిగుసుకొని రాలేదు, పండ్లతో లాగినాడు. కడకు ఎవరో కొడవలి తెచ్చినారు.

కంపెనీవాళ్ళు గుండె ఆగిందని చెప్పి, మెడ వరకు చొక్కా గుండీలు పెట్టి శవాన్ని ఇంటికి పంపినారు. నీళ్ళు పోసేటప్పుడు పెండ్లాం ఆశా గుండీలు విప్పింది. ఆ ఊరోళ్ళు స్టేషనుకు పోయినారు. నిన్న పొద్దున పోలీసులు వచ్చి బావను తీసుకపోయినారు. చిక్కబళ్ళాపురం జైలులో పెట్టినారంట.

నువ్వు పో. నన్ను క్యాంపు విడిచి పోనియ్యరు.

పురుషోత్తం

చింతామణి
3 డిసెంబరు 2024

పురుషోత్తంకు,

చలిగాలి తిరిగింది. గూళ్ళు మార్కెట్టుకు రక్షితను పంపి నేను జైలుకు పోయినాను.

కమ్మీల అవతల నిలబడి మొదట పురుగుల సంగతి అడిగినాడు. చెప్పినాను. కింది పెదవి పగిలి వాచింది. పోలీసులు కొట్టినారా అంటే కాదు, మోకు కొరికింది అన్నాడు. తరువాత తనంతట తానే చెప్పినాడు.

"కట్టు అన్నారు. కట్టినాను. రెండు చుట్లు, ఒక ముడి. చెయ్యి తీసి నిలబడినాను. ముడి బాగా పడిందని మనసులో అనుకొన్నాను కూడా."

"గుడ్డ చూడలేదా?" అని అడిగినాను.

"బండ వైపే చూస్తాంటిని. బండ మీద ఎవరూ లేరు."

నిన్ను ఒక్క మాట అనలేదు. నేను అడిగినందుకే ఇది కూడా చెప్పినాడు.

నువ్వు గుడ్డ లేకుండా చేసినారు అని రాసినావు. గుడ్డ వద్దని మీ బావకు ఎవరూ చెప్పలేదు. నేను పోయేసరికి అని కూడా రాసినావు. యాడ నుంచి పోయినావు? బండ మీద ఉండాల్సిన మనిషివి.

ఇంకొకటి. మీ బావ ఆ పొద్దున సారాయి తాగి మోకు పట్టినాడని ఇద్దరు స్టేషనులో సాక్ష్యంగా హేళికె రాసిచ్చినారంట. ఆ మనిషి పెండ్లి దినం కూడా తాగలేదు. తాగి చంపినాడు అంటే ఏండ్లకేండ్లు పడుతుంది అని వకీలు అంటాడు. ఆ ఇద్దరు ఎవరో కనుక్కో. కాగితం నకలు వారం లోపల వకీలు తెప్పిస్తాడు.

వచ్చేటప్పుడు బస్సులో ఒకామె, సినిమాలో మనిషిని చంపినోని పెండ్లామంట అని పక్కనామెకు నన్ను చూపించింది.

హేమావతి

క్యాంపు
6 డిసెంబరు 2024

అక్కకు,

మంచు ఎక్కువగా ఉండాది. పనులు మళ్ళా మొదలైనాయి. గుర్రాలు తిరిగి వచ్చినాయి.

నువ్వు తొందరపడొద్దు. కంపెనీవాళ్ళే పెద్ద వకీలును పెడతామని మేనేజరు నాకు మాట ఇచ్చినాడు. ఇప్పుడు ఎవరితోనూ గట్టిగా మాట్లాడొద్దు. మన వకీలును కూడా కొన్నాళ్ళు ఆగమను, కాగితాలు తెప్పించొద్దను. అన్నీ నేను చూసుకొంటాను.

నా షాటు రేపు.

పురుషోత్తం

చింతామణి
9 డిసెంబరు 2024

పురుషోత్తం,

కాగితాలు తెప్పించొద్దని నువ్వు రాసిన ఉత్తరం, ఆ కాగితం ఒకే దినం నా చేతికి వచ్చినాయి.

మొదటి సంతకం మోటారు మనిషిది. రెండోది నీది. వేలిముద్ర కాదు, సంతకం, కన్నడంలో. నాకు తిమ్మరాయప్ప వరసకు బావ అవుతాడు, తాగే అలవాటు మొదటి నుంచి ఉండాది, ఆ పొద్దున నా కండ్లతో చూసినాను అని రాసుండాది.

రక్షితకు చూపించలేదు. తానే చదివింది.

ఫోను చేతికొచ్చినా నాకు చెయ్యొద్దు. నీ గొంతు నాకు వద్దు. ఏమన్నా ఉంటే రాసి పంపు.

హేమావతి

క్యాంపు
13 డిసెంబరు 2024

అక్కకు,

ఇంకేమీ దాచను.

ఆ దినం నేను మేకప్పు వ్యానులో ఉంటిని. పదిన్నరకు గుడ్డ తీసుకొని బండ ఎక్కబోతాంటే మాస్టరు పిలిచినాడు. ఉరి అయిపోతానే నీ ముఖం షాటు, పోయి రంగు వేయించుకో అన్నాడు. గుడ్డ ఎవరు ఊపుతారు అని అడిగినాను. ఈ పొద్దు మైకు ఉండాది గదా అన్నాడు. బావకు చెప్పి వస్తాను అనాల్సింది. బావ దగ్గరికి నూరడుగులు. చెప్పి వచ్చేలోపల ఇంకొకణ్ణి కూర్చోబెడతారేమో అని పోలేదు. అంతే. గుడ్డ నా భుజాన ఉండాది. రంగు కారకుండా అదే మెడకు చుట్టుకొని అద్దం ముందర కూర్చొన్నాను. చప్పట్లు వినబడితే షాటు బాగా వచ్చిందనుకొన్నాను. ఎంతసేపటికీ ఆగకపోతే బయటికి వచ్చినాను.

సంతకం అందుకే పెట్టినాను. బండ మీద నువ్వు లేవని బయటికి వస్తే మొదట నువ్వే లోపలికి పోతావు అని మేనేజరు అన్నాడు. పెట్టితే షాటు ఉంటాది, పెట్టకపోతే లేదు అని కూడా అన్నాడు. ఏది ఎక్కువ పనిచేసిందని అడగొద్దు.

షాటు ఏడో తేదీ తీసినారు. ఉరి చూసి నవ్వే ముఖం. నవ్వు సరిగ్గా వస్తాదని, అమరనాథ్ చచ్చిన షాటునే టీవీలో వేసి నా ముందర పెట్టినారు. అది సినిమాలో ఉంచుకొంటారంట. దానికి నవ్వమన్నారు. పదకొండుసార్లు నవ్వించినారు. పన్నెండోది బాగా వచ్చిందన్నారు. నేను చూసినాను అక్కా, నా ముఖం తెర నిండుగా ఉండాది. బాగా నవ్వినాను.

పురుషోత్తం

చింతామణి
17 డిసెంబరు 2024

పురుషోత్తం,

ముఖం తీసుకొన్నాక చెప్తాండావు. తీయకముందు చెప్పింటే నమ్మేదాన్ని. పన్నెండోది కూడా సరిగ్గా రాకుంటే చెప్పకుండా ఇంకా ఆగేవానివేనా?

ఇదంతా నాకు రాసి ఏమి? నేను న్యాయాధీశురాలిని కాదు. ఈ ఉత్తరం వకీలుకు చూపించినాను. ఉత్తరం చాలదు, మనిషి రావాల అన్నాడు. వస్తే నీమీద కూడా కేసు రావచ్చు. అది కూడా నీకు చెప్పమన్నాడు, చెప్పినాను.

పంతొమ్మిదో తేదీ చిక్కబళ్ళాపురం కోర్టులో మీ బావ జామీను వాదన. పదకొండు గంటలకు.

హేమావతి

బాగేపల్లి, ఆస్పత్రి
24 డిసెంబరు 2024

అక్కకు,

దవడకు తీగలు కట్టినారు, మాట రాదు. నువ్వు ఫోను చెయ్యొద్దంటివి, చేసినా లాభం లేదు.

నువ్వు అడిగినదానికి జవాబు, ఆగేవాణ్ణే అనుకొంటాను. తెలియదు.

పంతొమ్మిదిన నువ్వు కోర్టులో నన్ను చూసినావు, నేను నిన్ను చూడలేదు. హేళికె అబద్ధమని, గుడ్డ ఊపాల్సింది నేనని, కట్ అని చెప్పి కెమెరా ఆపొద్దన్నారని అంతా చెప్పినాను. న్యాయాధీశుడు కట్, కట్టు రెండు మాటలూ నాతో రెండుసార్లు అనిపించి రాసుకొన్నాడు.

మరుసటి దినం సాయంత్రం నా పెట్టె, ఫోను తెచ్చుకొనేదానికి క్యాంపుకు పోయినాను. గేటు లోపల నలుగురు ఫైటర్లు. మాస్టరు మనుషులు, నాతో పనిచేసినోళ్ళే. పద్నాలుగేండ్లు వాళ్ళ చేతుల్లో దెబ్బలు తిన్నాను. ప్రతిసారీ పిడికిలి ముఖానికి జానెడు దూరంలో ఆగేది, నేను తల తిప్పి పడేవాణ్ణి. ఈసారి ఆగలేదు. అలవాటు కొద్దీ నేను తల తిప్పినాను, దవడ మీద పడింది. ముక్కు, దవడ, ఎడమ కంటి కింద ఎముక విరిగినాయి. ఒకడు కొట్టేముందర, ఏమనుకోవద్దు పురుషోత్తం అన్నాడు. గేటు అవతల పారేసినారు. కూరగాయలు దించి వస్తా మునికృష్ణప్ప చూసి టెంపోలో వేసుకొచ్చినాడు.

స్టేషను వాళ్ళు వచ్చి రాసుకొన్నారు. కొట్టినోళ్ళ పేర్లు నాలుగూ రాసిచ్చినాను. నా మీద కూడా కేసు పెడతారంట, పెట్టనీ.

నా షాటు తీసేసినారు. ఆ ముఖం ఇంకొకణ్ణి పెట్టి మళ్ళా తీస్తాండారు. అమరనాథ్‌ది ఉంచుకొన్నారు. కోర్టు ఏమంటాదో చూడాల.

పురుషోత్తం

చింతామణి
5 జనవరి 2025

పురుషోత్తంకు,

చలి తగ్గలేదు. కొత్త పురుగులు తెచ్చినాము, రెండో జ్వరంలో ఉండాయి. ఆకు నేనూ రక్షితా కోస్తాండాము.

మూడో తేదీ మీ బావకు జామీను ఇచ్చినారు. కేసు నిలుస్తాది, తాగినాడనే మాట మాత్రం కొట్టేసినారు. నిన్న సాయంత్రం నాలుగు గంటలకు బయటికి వచ్చినాడు. బస్సులో నీ దవడ సంగతి, కోర్టులో నువ్వు చెప్పిన సంగతి చెప్పినాను. విన్నాడు. అన్నం ఎట్ల తింటాడు అని అడిగినాడు. గంజి అని చెప్పినాను.

నువ్వు ఇప్పుడే ఇక్కడికి రావద్దు. రక్షిత నీ పేరు ఎత్తనియ్యదు. నాకు కూడా ఇంకొన్నాళ్ళు కావాల. దినమూ గంజి తెచ్చిచ్చే ఏర్పాటు మునికృష్ణప్ప చేసినాడు, తాగు.

మీ బావ ఈ పొద్దు నాలుగున్నరకే లేచి స్నానం చేసినాడు. యాడికి అంటే మంచేనహళ్ళికి, అమరనాథ్ ఇంటికి, ఆవులకు గడ్డి వెయ్యాల అన్నాడు. ఆ ఊరోళ్ళు చంపుతారు, వద్దు అన్నాను. రక్షిత వాకిలికి అడ్డం నిలబడింది. దాని తల మీద చెయ్యి పెట్టి పక్కకు జరిపినాడు. వకీలును, నలుగురు పెద్దమనుషులను పిలుచుకొని నేను కూడా వస్తాను అన్నాను. వద్దన్నాడు.

ఆరు గంటల బస్సుకు పోయినాడు. ఒక్కడే పోయినాడు.

హేమావతి